ఉచిత బస్సు పాసు: ఖర్చు ఎవరి ఖాతాలో?

కొన్నేళ్ల క్రితం తరగతిలో జడత్వం పాఠం చెబుతున్నాను. ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే లోపల నిలబడినవారు వెనక్కి ఎందుకు తూలుతారో వివరిస్తుండగా వెనుక బెంచీ నుంచి ఒక విద్యార్థి లేచాడు. "మాస్టారూ, సగం సీట్లు ఖాళీగా ఉన్న బస్సులో ఒక ముసలాయన టికెట్ లేకుండా ఎక్కాడనుకోండి. బస్సువాళ్లకు నష్టం ఎంత?" అని అడిగాడు. కొందరు "టికెట్ ధర ఎంతో అంత" అన్నారు. మరికొందరు "ఏమీ లేదు, బస్సు ఎలాగూ పోతోంది కదా" అన్నారు. ఆ ప్రశ్న నా పాఠానికి సంబంధించినది కాదు. అయినా ఆ రోజు జడత్వాన్ని పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం.

ఆ రెండు జవాబులూ పూర్తిగా సరైనవి కావు. సరైన జవాబు మన కంటికి కనిపించని ఒక విషయం మీద ఆధారపడి ఉంది. టికెట్ కొనవలసి వస్తే ఆ పెద్దాయన అసలు బస్సు ఎక్కేవాడా, ఇంట్లోనే ఉండిపోయేవాడా అన్నదే ఆ విషయం. ఇది వినడానికి చిన్న ప్రశ్నే. ఇంగ్లండులో వృద్ధుల, వికలాంగుల ఉచిత బస్సు ప్రయాణానికి ఏటా దాదాపు 100 కోట్ల పౌండ్ల ప్రజాధనం ఈ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే చేతులు మారుతూ వచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని చెల్లించేది స్థానిక కౌన్సిళ్లు. ఆ లెక్క ఎలా కడతారో, అది తప్పితే ఎవరికి బాధ కలుగుతుందో ఈ పాఠంలో చూద్దాం.

స్థానిక కౌన్సిలు అంటే ఏమిటి?

మనకు జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాలు ఉన్నట్టే ఇంగ్లండులో కౌంటీ కౌన్సిళ్లు, జిల్లా కౌన్సిళ్లు, నగర కౌన్సిళ్లు ఉన్నాయి. అయితే వాటి బాధ్యతలు మన స్థానిక సంస్థల కంటే విస్తృతమైనవి. రోడ్లు, గ్రంథాలయాలు, చెత్త తొలగింపుతోపాటు వృద్ధుల సంరక్షణ, నిరాదరణకు గురైన పిల్లల రక్షణ కూడా వాటి పనే.

వాటికి డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది ఇళ్ల విలువను బట్టి వసూలు చేసే కౌన్సిలు పన్ను. రెండోది దుకాణాలు, కార్యాలయాలు చెల్లించే వ్యాపార పన్ను. మూడోది కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు. కౌన్సిలు పన్నును ఇష్టం వచ్చినంత పెంచడానికి వీలు లేదు. 2011లో వచ్చిన స్థానికత చట్టం ప్రకారం కేంద్రం నిర్ణయించిన పరిమితి దాటి పెంచాలంటే స్థానిక ప్రజల ఓటు తీసుకోవాలి. ఇంకొక ముఖ్యమైన నియమం కూడా ఉంది. కౌన్సిలు లోటు బడ్జెట్ వేయకూడదు. ఏడాదికి వచ్చే ఆదాయం, అయ్యే ఖర్చు సరిపోవాల్సిందే. ఒక పద్దు పెరిగితే మరొక పద్దు తగ్గాలి. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. దీని అవసరం మనకు ముందు ముందు పడుతుంది.

కోర్టుకెక్కిన ఉచిత ప్రయాణం

వృద్ధులకు ఉచిత ప్రయాణం అనే ఆలోచన కొత్తది కాదు. బర్మింగ్‌హామ్ నగర కార్పొరేషన్‌కు ఒకప్పుడు సొంత బస్సులు, ట్రాములు ఉండేవి. ఆ నగరం వృద్ధులకు ఉచిత ప్రయాణ సౌకర్యం ఇచ్చింది. ప్రెస్కాట్ అనే పన్ను చెల్లింపుదారుడు దానిని కోర్టులో సవాలు చేశాడు. తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. ఒక వర్గానికి ఉచిత ప్రయాణం ఇచ్చి, ఆ భారాన్ని పన్ను కట్టేవారందరి మీదా వేసే అధికారం చట్టం కార్పొరేషన్‌కు ఇవ్వలేదని న్యాయస్థానం తేల్చింది.

అప్పటికే ఇలాంటి రాయితీలు ఇస్తున్న నగరాలు ఇంకా ఉన్నాయి. వాటిని కాపాడడానికి పార్లమెంటు 1955లోనే ఒక చట్టం చేసింది. 1964లో మరో చట్టం ద్వారా రాయితీలు ఇచ్చే అధికారాన్ని విస్తరించింది. అయితే అది అధికారం మాత్రమే, బాధ్యత కాదు. ఇవ్వదలచుకున్న ఊరు ఇచ్చేది, వద్దనుకున్న ఊరు మానేసేది. అందువల్ల పక్క పక్క ఊళ్లలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు ఉచితంగా తిరిగేవారు, మరొకరు పూర్తి ఛార్జీ చెల్లించేవారు.

అధికారం బాధ్యతగా మారడానికి చాలా కాలం పట్టింది. 2000లో వచ్చిన రవాణా చట్టం ప్రతి కౌన్సిలూ వృద్ధులకు కనీసం సగం ఛార్జీ రాయితీ ఇచ్చి తీరాలని నిర్దేశించింది. అప్పుడు అర్హత స్త్రీలకు 60 ఏళ్లు, పురుషులకు 65 ఏళ్లు. ఇది వివక్ష అని ఒక పురుషుడు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లాడు. దాంతో ప్రభుత్వం చట్టం మార్చి, 2003 ఏప్రిల్ నుంచి ఇద్దరికీ 60 ఏళ్లుగా నిర్ణయించింది. 2006 ఏప్రిల్ నుంచి సొంత కౌన్సిలు పరిధిలో ప్రయాణం పూర్తిగా ఉచితమైంది. 2007లో వచ్చిన రాయితీ బస్సు ప్రయాణ చట్టం వల్ల 2008 ఏప్రిల్ 1 నుంచి అదే పాసు ఇంగ్లండు మొత్తానికీ చెల్లుబాటయింది.

2010 నుంచి అర్హత వయసును స్త్రీల ప్రభుత్వ పింఛను వయసుతో ముడిపెట్టి క్రమంగా పెంచారు. 2020 అక్టోబరు నాటికి అది స్త్రీ పురుషులిద్దరికీ 66 ఏళ్లకు చేరింది. పింఛను వయసును 2026 నుంచి 2028 మధ్య 67కు పెంచాలని చట్టంలో ఉంది కాబట్టి పాసు వయసు కూడా దానితోపాటే జరుగుతుంది.

పాసు ఏమిస్తుంది, ఏమివ్వదు?

పాసు ఉన్నవారు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9.30 నుంచి రాత్రి 11 గంటల వరకు, శని ఆదివారాల్లోనూ ప్రభుత్వ సెలవు దినాల్లోనూ రోజంతా స్థానిక బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు. అర్హులైన వికలాంగులకు వయసుతో సంబంధం లేకుండా ఈ పాసు ఇస్తారు. రైళ్లు, దూరప్రాంత కోచ్‌లు జాతీయ పథకంలోకి రావు. ముందుగా ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికి వచ్చే చిన్న వాహనాల సేవలకు కూడా చట్టం ఈ పాసును తప్పనిసరి చేయలేదు.

చట్టం చెప్పినదానికి మించి ఇవ్వాలనుకునే కౌన్సిలుకు ఆ స్వేచ్ఛ ఉంది. ఉదయం 9.30కు ముందే ప్రయాణం అనుమతించవచ్చు. వికలాంగుల వెంట వచ్చే సహాయకులకు కూడా ఉచితం చేయవచ్చు. అయితే ఆ అదనపు ఖర్చును కౌన్సిలే భరించాలి.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఉదయం 9.30 అనే గీత ఎందుకు గీశారు? దీనికి సమాధానం బస్సుల సంఖ్యలో ఉంది. ఒక డిపోలో ఉదయం రద్దీ వేళ 20 బస్సులు తిరుగుతాయనుకుందాం. ఆఫీసులకు, బడులకు వెళ్లేవారు దిగిపోయాక మధ్యాహ్నం 12 బస్సులు సరిపోతాయి. కాని డిపో కొనవలసినవి 12 కాదు, 20. అందరికంటే ఎక్కువ మంది వచ్చే గంటను బట్టి బస్సుల సంఖ్య, డ్రైవర్ల సంఖ్య నిర్ణయమవుతాయి. రద్దీ వేళ ఇంకో 40 మంది పెద్దవాళ్లు వస్తే 21వ బస్సు కావాలి. అదే 40 మంది పదకొండు గంటలకు వస్తే అప్పటికే తిరుగుతున్న బస్సుల్లోని ఖాళీ సీట్లలో సర్దుకుంటారు. విద్యుత్ కేంద్రాల సామర్థ్యాన్ని కూడా సాయంత్రపు గరిష్ఠ వినియోగాన్ని బట్టే నిర్ణయిస్తారు కదా! ఇదీ అటువంటిదే.

లేని ప్రపంచాన్ని లెక్కించడం

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. 1985 నాటి రవాణా చట్టం వల్ల 1986 అక్టోబరు 26 నుంచి లండన్ వెలుపల బస్సు వ్యాపారంపై నియంత్రణ తొలగిపోయింది. లాభం వచ్చే దారుల్లో కంపెనీలు తమ ఇష్టప్రకారం బస్సులు నడుపుకుంటాయి. ఆ బస్సులు ఎక్కే పాసుదారుల కోసం కౌన్సిలు ఆ కంపెనీకి డబ్బు చెల్లించాలి. ఎంత చెల్లించాలి? చట్టం పెట్టిన సూత్రం ఒకటే. పథకం వల్ల కంపెనీ లాభపడకూడదు, నష్టపోకూడదు. అసలు ఈ పథకమే లేకపోతే కంపెనీ ఏ స్థితిలో ఉండేదో ఇప్పుడూ అదే స్థితిలో ఉండాలి.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. ఒక దారిలో సగటు ఛార్జీ 2 పౌండ్లు. పథకం లేనప్పుడు పెద్దవాళ్లు రోజుకు 100 ప్రయాణాలు చేసేవారు. ఉచితం అయ్యాక 180 ప్రయాణాలు చేస్తున్నారు. కంపెనీ వచ్చి, 180 ప్రయాణాలకు 2 పౌండ్ల చొప్పున 360 పౌండ్లు ఇవ్వమంటే కౌన్సిలు ఒప్పుకోవాలా? ఒప్పుకోకూడదు. ఎందుకంటే పథకం లేకపోతే కంపెనీకి వచ్చేది 100 ప్రయాణాల డబ్బు, అంటే 200 పౌండ్లు మాత్రమే. మిగిలిన 80 ప్రయాణాలు ఉచితం కాబట్టి పుట్టినవి. వాటి మీద కంపెనీ కోల్పోయిన ఆదాయం ఏమీ లేదు.

అలాగని ఆ 80 ప్రయాణాలకు ఖర్చే లేదని కూడా అనలేం. బస్సు ఎక్కువసార్లు ఆగుతుంది, ఇంధనం కొంత ఎక్కువ ఖర్చవుతుంది, బస్సు అరుగుతుంది. ఈ అదనపు ఖర్చు ప్రయాణానికి 10 పెన్నీలు అనుకుందాం. 80 ప్రయాణాలకు 8 పౌండ్లు. కాబట్టి కౌన్సిలు చెల్లించవలసింది 200 + 8 = 208 పౌండ్లు. 180 ప్రయాణాలకు పంచితే ఒక్కోదానికి సుమారు 1 పౌండు 16 పెన్నీలు వస్తుంది. వెనుక బెంచీ విద్యార్థి ప్రశ్నకు ఇదే జవాబు. నష్టం టికెట్ ధర అంతా కాదు, సున్నా కూడా కాదు. సగటున ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఈ లెక్కలో 180 అనేది లెక్కపెట్టగలిగిన సంఖ్య. పాసు ఒక స్మార్ట్ కార్డు. ఎక్కేటప్పుడు డ్రైవర్ దగ్గరున్న యంత్రానికి దానిని చూపిస్తే ప్రయాణం నమోదవుతుంది. 100 అనేది మాత్రం ఎవరూ చూడని సంఖ్య. అది పథకం లేని ప్రపంచానికి చెందినది. ఆ ప్రపంచం లేదు. మనం ప్రయోగశాలలో ఒక మొక్కకు ఎరువు వేసి, పక్కనే ఎరువు వేయని మొక్కను ఉంచి రెండింటినీ పోలుస్తాం. ఇక్కడ ఆ రెండో మొక్క లేదు.

మరి ఏం చేస్తారు? ఛార్జీ మారినప్పుడు ప్రయాణాలు ఎలా మారాయో పాత అనుభవం నుంచి నేర్చుకుంటారు. 2006లో సగం ఛార్జీ నుంచి సున్నాకు మారడం ఇంగ్లండుకు ఒక సహజ ప్రయోగంలా ఉపయోగపడింది. లీడ్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రవాణా అధ్యయన సంస్థ 2010లో ప్రభుత్వం కోసం ఈ విషయం మీద పరిశోధన చేసింది. ఛార్జీ సున్నా దగ్గర మొదలై పెరుగుతున్న కొద్దీ ప్రయాణాలు తగ్గే తీరును ఒక వక్రరేఖగా గీస్తారు. ఆ రేఖ మీద ఏ ఛార్జీ దగ్గర ఎన్ని ప్రయాణాలు మిగులుతాయో చదువుకోవచ్చు.

అంచనా కొద్దిగా తప్పితే ఏమవుతుంది? పై ఉదాహరణలో 100 బదులు 120 అనుకున్నాం అనుకోండి. కోల్పోయిన ఆదాయం 240 పౌండ్లు, అదనపు ఖర్చు 60 ప్రయాణాలకు 6 పౌండ్లు, మొత్తం 246. అంటే రోజుకు 38 పౌండ్లు ఎక్కువ. ఒక్క దారిలోనే ఏడాదికి 13,870 పౌండ్ల తేడా! ఇటువంటి దారులు ఒక కౌంటీలో వందల్లో ఉంటాయి. అందుకే కంపెనీలకూ కౌన్సిళ్లకూ ఈ అంచనా మీద వివాదాలు నడిచాయి. తమకు అన్యాయం జరిగిందనుకునే కంపెనీ రవాణా మంత్రికి అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది.

ఎక్కిన చోటే ఖాతా

2008లో పాసు దేశమంతటా చెల్లుబాటయినప్పుడు మరొక చిక్కు వచ్చింది. ఒక పెద్దావిడ తన ఊళ్లో బస్సెక్కి పక్క జిల్లాలోని సముద్రతీర పట్టణానికి వెళ్లి, సాయంత్రం తిరిగి వచ్చిందనుకుందాం. వెళ్లిన ప్రయాణం ఖర్చు ఆమె ఊరి కౌన్సిలుది. తిరుగు ప్రయాణం ఖర్చు ఆమె బస్సెక్కిన పట్టణపు కౌన్సిలుది. ఆమె పన్ను కట్టేది ఒక చోట, ఆమె తిరుగు ప్రయాణానికి చెల్లించేది మరో చోట.

నియమం సరళంగానే ఉంది. కాని దాని ఫలితం అందరికీ సమానంగా లేదు. పర్యాటకులు వచ్చే తీర పట్టణాలు, పెద్ద బజార్లు, ఆసుపత్రులు ఉన్న నగరాలు బయటివారి తిరుగు ప్రయాణాల భారాన్ని మోయవలసి వచ్చింది. కొత్త భారం కోసం కేంద్రం 2008-09లో 21.2 కోట్ల పౌండ్ల ప్రత్యేక గ్రాంటు ఇచ్చింది. మొత్తంగా చూస్తే అది చిన్న మొత్తం కాదు. కాని దానిని పంచింది ముందుగా వేసిన ఒక సూత్రం ప్రకారం. ఏ బస్టాండులో ఎంతమంది ఎక్కుతారో ఆ సూత్రానికి ముందే తెలియదు. కొన్ని కౌన్సిళ్లకు అవసరానికి మించి వచ్చింది, కొన్నింటికి చాలలేదు. సగటు సరిపోయినంత మాత్రాన ప్రతి ఒక్కరికీ సరిపోయినట్టు కాదన్న గణాంక శాస్త్రపు మొదటి పాఠం ఇక్కడ కనిపిస్తుంది.

చిన్న జిల్లా కౌన్సిళ్లు ఈ ఒడిదుడుకులను తట్టుకోలేకపోయాయి. అందువల్ల 2011 ఏప్రిల్ నుంచి ఈ బాధ్యతను పెద్దవైన కౌంటీ కౌన్సిళ్లకు, ఏకస్థాయి కౌన్సిళ్లకు బదిలీ చేశారు. పరిధి పెద్దదైతే కొందరి లాభం మరికొందరి నష్టాన్ని కొంతవరకు సర్దుతుంది. అయితే అదే కాలంలో ఇంకొక మార్పు జరిగింది. ప్రత్యేక గ్రాంటు పోయి, పాసు డబ్బు కౌన్సిలుకు వచ్చే సాధారణ గ్రాంటులో కలిసిపోయింది. పాసు కోసం ఎంత వచ్చిందో విడిగా చెప్పలేని పరిస్థితి ఏర్పడింది. 2010 తరువాత కేంద్రం పొదుపు విధానం చేపట్టి ఆ సాధారణ గ్రాంటునే తగ్గించింది. స్థానిక సంస్థల మీద కొత్త బాధ్యత పెడితే దానికి డబ్బు కూడా ఇవ్వాలన్న సూత్రం అక్కడి పరిపాలనలో ఉంది. కాని బాధ్యత పాతబడ్డాక ఆ డబ్బు వస్తూనే ఉందా లేదా అని చూపించడం కష్టం.

చేతిలో పాసు ఉంది, బస్సే లేదు

లోటు బడ్జెట్ వేయకూడదన్న నియమాన్ని ఇప్పుడు గుర్తు చేసుకోండి. కౌన్సిలు ఖర్చులు రెండు రకాలు. చట్టం తప్పనిసరి చేసినవి, చట్టం కౌన్సిలు ఇష్టానికి వదిలినవి. వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ, బస్సు పాసు మొదటి రకం. లాభం రాని దారుల్లో కౌన్సిలు డబ్బిచ్చి నడిపించే బస్సులు రెండో రకం. పల్లెల బస్సులు, రాత్రి బస్సులు, ఆదివారపు బస్సులు చాలావరకు ఈ రెండో రకంలోకి వస్తాయి.

గ్రాంటు తగ్గింది. సంరక్షణ అవసరమయ్యే వృద్ధుల సంఖ్య పెరిగింది. పాసు ఖర్చును కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఇక కోత పడేది దేని మీద? చట్టం రక్షణ లేని బస్సు మీద. 2014లో కంబ్రియా కౌంటీ కౌన్సిలు, 2016లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిలు తాము డబ్బిచ్చి నడిపిస్తున్న బస్సు సేవలకు సాయం నిలిపివేశాయి. ఇంకా అనేక కౌన్సిళ్లు కొంత కొంతగా తగ్గించాయి. కొన్ని చోట్ల స్వచ్ఛంద సేవకులే డ్రైవర్లుగా చిన్న బస్సులు నడిపి ఆ ఖాళీని పూరించే ప్రయత్నం చేశారు.

దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. పట్టణంలో ఉన్న పెద్దాయనకు పది నిమిషాలకొక బస్సు, అదీ ఉచితం. కొండ పల్లెలో ఒంటరిగా ఉంటూ, చూపు మందగించి కారు నడపడం మానేసిన పెద్దావిడ చేతిలోనూ అదే పాసు ఉంది. ఆమె ఊరికి వచ్చే ఒక్క బస్సూ ఆగిపోయింది. ఆసుపత్రికి వెళ్లాలంటే టాక్సీకి డబ్బు పెట్టాలి, లేదా ఇరుగు పొరుగును బతిమాలుకోవాలి. చట్టం ప్రకారం ఆమె హక్కు చెక్కుచెదరలేదు. ఆ హక్కును వాడుకోవడానికి బస్సు మాత్రం లేదు. హక్కును కాపాడిన చట్టం, ఆ హక్కుకు ఆధారమైన సేవను కాపాడలేదు. ఈ విషయంలో మనం నేర్చుకోవలసిన అసలు పాఠం ఇదే.

పక్క దేశాలు, రాజధాని

యునైటెడ్ కింగ్‌డమ్ అంతటా ఒకే పద్ధతి లేదు. వేల్స్‌లో 2002 నుంచే ఉచిత ప్రయాణం ఉంది. స్కాట్లండులో 2006 ఏప్రిల్ నుంచి 60 ఏళ్లు నిండినవారు దేశమంతటా ఏ వేళలోనైనా, దూరప్రాంత కోచ్‌లలో కూడా ఉచితంగా తిరగవచ్చు. అక్కడ కంపెనీలకు నేరుగా చెల్లించేది స్కాట్లండు ప్రభుత్వం. కాబట్టి ఏ పట్టణంలో ఎంతమంది ఎక్కారన్న దిగులు స్థానిక కౌన్సిళ్లకు లేదు.

లండన్‌లో 1973 నుంచి ఫ్రీడమ్ పాస్ ఉంది. దీని మీద బస్సులతోపాటు భూగర్భ రైళ్లలో కూడా ప్రయాణించవచ్చు. దీనికి నగరంలోని 32 బరోలు, సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ కలిసి డబ్బు చెల్లిస్తాయి. కొవిడ్‌కు ముందు సంవత్సరాల్లో అది ఏటా 30 కోట్ల పౌండ్లకు పైగా ఉండేది. 60 ఏళ్లు నిండి ఇంకా ఫ్రీడమ్ పాస్ వయసు రానివారి కోసం 2012లో మేయర్ వేరే కార్డు ప్రవేశపెట్టారు. దాని ఖర్చు రవాణా సంస్థదే. అందువల్ల 61 ఏళ్ల లండన్‌వాసి ఉచితంగా ప్రయాణిస్తుంటే, అదే వయసున్న మరో ఇంగ్లండు పట్టణవాసి సాధారణంగా టికెట్ కొనుక్కోవాలి. ఇది న్యాయమేనా అన్న చర్చ అక్కడ తరచూ వస్తుంది.

ఇంత ఖర్చు దండగేనా?

ఖర్చు చూశాం కాబట్టి ప్రయోజనం కూడా చూడాలి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, పాసు ఉన్న పెద్దవాళ్లు బస్సు వాడకంతోపాటు నడక కూడా ఎక్కువగా చేస్తున్నట్టు కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. కారు ఇంటి గుమ్మంలో ఎక్కుతాం. బస్సు కోసం స్టాపు దాకా నడవాలి, దిగాక మళ్లీ నడవాలి. బజారుకు, గుడికి, స్నేహితుల ఇంటికి వెళ్లే అవకాశం ఒంటరితనాన్ని కూడా తగ్గిస్తుంది. అయితే ఇక్కడ శాస్త్ర విద్యార్థిగా మీరొక జాగ్రత్త పాటించాలి. ఆరోగ్యంగా ఉన్నవారే పాసు ఎక్కువగా తీసుకుంటున్నారేమో? రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేల్చకూడదు.

విమర్శలూ ఉన్నాయి. ధనవంతుడైన వృద్ధుడికి ఉచితం ఎందుకు, తక్కువ జీతంతో పనిచేసే యువకుడు పూర్తి ఛార్జీ ఎందుకు కట్టాలి అని కొందరు అడుగుతారు. ఆదాయం చూసి ఇవ్వాలంటే పరీక్షించడానికి ఖర్చవుతుంది, నిజంగా అవసరమున్నవారు దరఖాస్తుకే సంకోచిస్తారు అని మరికొందరి సమాధానం. రెండు వాదనల్లోనూ బలం ఉంది.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు ఈ పథకం మరో సంగతి బయటపెట్టింది. పెద్దవాళ్లు ఇళ్లకే పరిమితమయ్యారు. ఎక్కినవారి లెక్క ప్రకారమే చెల్లిస్తే బస్సు కంపెనీలు మూతపడేవి. అందుకే మునుపటి స్థాయిలోనే చెల్లింపులు కొనసాగించమని కౌన్సిళ్లను ప్రభుత్వం కోరింది. పెద్దవాళ్ల పాసు మీద వచ్చే డబ్బు అందరూ ఎక్కే బస్సునూ నిలబెడుతోందని అప్పుడు స్పష్టంగా తెలిసింది.

మన దగ్గర

మన దేశంలో స్థానిక సంస్థలకు బదులు ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వాలే ఈ భారాన్ని మోస్తాయి. చెన్నై నగర బస్సుల్లో 60 ఏళ్లు దాటినవారికి 2016 నుంచి నెలకు 10 ఉచిత టోకెన్లు ఇస్తున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్‌ను మీరు చూసే ఉంటారు. ఛార్జీ లేనప్పుడు టికెట్ ఎందుకని అనుకున్నారా? ప్రయాణాన్ని లెక్కించడానికి అదే ఆధారం. ఇంగ్లండులో స్మార్ట్ కార్డు చేసే పని ఇక్కడ ఆ చిన్న కాగితం చేస్తుంది.

అయితే జీరో టికెట్ మీద ఉన్న మొత్తమంతా ఆర్టీసీ కోల్పోయిన ఆదాయమేనా? ఉచితం కాకపోతే ఆ ప్రయాణాల్లో ఎన్ని జరిగేవి? కొత్తగా వచ్చినవారి కోసం అదనపు బస్సులు ఎన్ని కావాలి? బర్మింగ్‌హామ్‌లో, చెన్నైలో, వరంగల్‌లో ప్రశ్న ఒకటే.

ఇక ఉచితం మీద హక్కు లేకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. రైళ్లలో వృద్ధులకు పురుషులైతే 40 శాతం, స్త్రీలైతే 50 శాతం రాయితీ ఉండేది. దానిని 2020 మార్చిలో ఒక ఉత్తర్వుతో నిలిపివేశారు. చట్టంలో రాసిన రాయితీకి, పరిపాలనా నిర్ణయంతో ఇచ్చిన రాయితీకి తేడా ఇదే.

చివరగా

విద్యార్థులారా! ఉచితం అనే మాట ఎక్కేవారికి మాత్రమే వర్తిస్తుంది. బస్సుకు డీజిల్, డ్రైవర్‌కు జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. మాట ఇచ్చేది ఒక ప్రభుత్వం, చెల్లించేది మరొక సంస్థ అయినప్పుడు వాటి మధ్య లెక్క సరిగా లేకపోతే చివరికి నష్టపోయేది దూరపు ఊళ్లో బస్టాపు దగ్గర నిలబడిన మనిషే. కాబట్టి ఏ ఉచిత పథకాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. దీనికి డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఆ డబ్బు అవసరంతోపాటు పెరుగుతుందా? ఈ డబ్బు కోసం కోత పడుతున్న సేవ ఏది?

ఆలోచించి చేయండి

1. పై ఉదాహరణలో ఛార్జీ 3 పౌండ్లు అనుకోండి. పథకం లేని పరిస్థితిలో పెద్దవాళ్ల ప్రయాణాలు 100 కంటే ఎక్కువ ఉంటాయా, తక్కువ ఉంటాయా? ఎందుకు?

2. మీ ఊరికి రోజుకు ఎన్ని బస్సులు వస్తాయో, చివరి బస్సు ఎప్పుడో ఒక పట్టిక తయారు చేయండి. మీ ఇంట్లోని పెద్దవారిని, బస్సు లేక మానుకున్న ప్రయాణాలు ఏమైనా ఉన్నాయేమో అడిగి రాయండి. ఏ యంత్రమూ నమోదు చేయని సంఖ్య అదే.